బొగ్గుకి సర్టిఫికెట్ ఎందుకు?

మా స్టాఫ్‌రూంలో అమెరికా గురించి మాట్లాడుకోని రోజు ఉండదు. మాది మండలం హైస్కూలు. పదహారుమంది టీచర్లం. అందులో అయిదుగురి పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇంకో ఇద్దరి పిల్లలు పోవడానికి కాగితాలు సర్దుకుంటున్నారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే మొదలవుతుంది. డల్లాస్‌లో ఎండలెట్లా ఉన్నాయి, న్యూజెర్సీలో ఇంటద్దె ఎంత, ఏ కంపెనీలో ఎంతమందిని తీసేశారు, ట్రంపు దేనిమీద సంతకం పెట్టాడు, కోర్టు దేన్ని కొట్టేసింది. సొంత ఊరి పంచాయతీలో ఏం జరుగుతుందో తెలియనోళ్ళకి కూడా అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలని తెలుసు. నేను ఆ మాటల్లో పెద్దగా కలవను. మావాళ్ళెవరూ అక్కడ లేరు. మా పల్లెనుంచి అందరికంటే ఎక్కువ దూరం పోయినోడు కువైట్‌లో ఉన్నాడు. వాడి గురించి స్టాఫ్‌రూంలో ఎవరూ అడగరు.

2025 జూన్‌లో బడి తెరిచిన వారం, లెక్కల మాస్టారు పెరుగన్నం కలుపుకుంటా ఒక మాటన్నారు.

"ట్రంపు మంచి పని చేశాడయ్యా. ఇక ఉద్యోగానికి మెరిట్ ఒక్కటే. పరీక్ష పెట్టావు, వాడు ఫెయిలయ్యాడు, ఇంటికి పో. అంతే. నల్లోళ్ళు ఎక్కువమంది ఫెయిలయ్యారు కాబట్టి పరీక్షే తప్పు అనే దరిద్రం వదిలింది. మనకెప్పుడొస్తాయో ఆ రోజులు."

నా మొహం చూసి అనలేదు ఆ మాట. గోడ మీద గాంధీ ఫోటోని చూస్తా అన్నారు. కానీ ఆ గదిలో 'మనకి' అంటే ఎవరికో, ఎవరిని వదిలేస్తే ఆ 'మనం' అవుతుందో నాకు తెలుసు. తెలుగు మేడం తల దించుకుని తింటున్నారు. డ్రిల్లు మాస్టారు మావాడే, సెల్లు చూసుకుంటున్నాడు.

"ఆ పరీక్ష ఎవరు పెట్టారో, దేనికి పెట్టారో తెలుసా మాస్టారూ?" అన్నాను.

"దేనికేంటయ్యా, ఉద్యోగానికి."

"బొగ్గు ఎత్తే ఉద్యోగానికి మాస్టారూ."

అంతలో బెల్లు కొట్టారు. ఎనిమిదో తరగతికి పోవాలి. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. ఇది స్టాఫ్‌రూంలో పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. మా నాయన సంగతి చెప్పకుండా చెప్పేదీ కాదు.

మా నాయన బొగ్గు మనిషి. మా ఊరికి పది మైళ్ళ దూరంలో కరెంటు తయారుచేసే స్టేషను ఒకటుంది. పేరెందుకులెండి. అందులో ఇరవై మూడేళ్ళు కాంట్రాక్టు కూలీగా చేశాడు. రైలు వ్యాగన్ల దగ్గర రాలిన బొగ్గు ఎత్తడం, బెల్టు కింద పడ్డ బొగ్గుని పారతో తోడి మళ్ళీ బెల్టు మీదకి వెయ్యడం, వానాకాలం తడి బొగ్గు ముద్దకట్టి జారకపోతే గడ్డపారతో పొడవడం. ఇంటికొచ్చి ఎంత తోముకున్నా ముక్కులోంచి నల్లగానే కారేది. మా అమ్మ ఆయన బట్టలు మా బట్టల్లో కలవనిచ్చేది కాదు. మాదిగపల్లె నుంచి ఇరవైమందిదాకా పోయేవాళ్ళు, మాలపల్లె నుంచి ఇంకొంతమంది. కాంట్రాక్టర్లు మారేవాళ్ళు, కూలీలు మారేవాళ్ళు కాదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త గేటు పాసు. అన్ని పాసుల మీదా ఒకటే మాట, 'అన్‌స్కిల్డ్'.

బెల్టు కింద రోలరు పట్టేస్తే శబ్దం మారుతుందంట. నాయన బయట టీ తాగుతానే "రెండో బెల్టులో రోలరు పోయింది, పోయి చూడండ్రా" అనేవాడని ఆయనతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. కొత్తగా చేరిన పర్మినెంటు కుర్రాళ్ళు ఎవరూ లేనప్పుడు "ఏది పోయింది బాబాయ్?" అని అడిగి తెలుసుకునేవాళ్ళు. ఇంజనీరు వస్తే అదే కుర్రాళ్ళు "ఏయ్, పక్కకి జరుగు" అనేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు అక్కడ హెల్పర్లని పర్మినెంటుగా తీసుకుంటున్నారని తెలిసింది. పదో తరగతి పాసయ్యుండాలి, ఐటీఐ చేసుండాలి. నాయన మూడో తరగతితో బడి మానేశాడు. మానేశాడంటే తనంతట తను మానలేదు, ఆసామి గేదెల దగ్గర పెట్టారు. ఆఫీసులో అడిగితే గుమాస్తా "పని వచ్చు సరేనయ్యా, కాయితం ఉందా?" అన్నాడంట. ఆ రాత్రి నాయన ఎవర్నీ ఏమీ అనలేదు. పొద్దున్నే నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయి అయ్యవారితో "వీడికి కాయితం రావాలండీ" అన్నాడు. చదువు రావాలని అనలేదు. కాయితం రావాలన్నాడు. ఆ కాయితాలు ఇప్పుడు నా దగ్గర చాలా ఉన్నాయి. డిగ్రీ, బీఎడ్, దూరవిద్యలో ఎమ్మే హిస్టరీ. మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేటుని నేనే.

ఆ ఎమ్మేలో అమెరికా చరిత్ర ఒక పేపరు. గైడులో పౌరహక్కుల ఉద్యమం కింద ఒక కేసు గురించి అర పేరా ఉంది. గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కంపెనీ, 1971. కరెంటు కంపెనీ, బొగ్గు అని చూసి ఆగిపోయాను. తర్వాత ఆ తీర్పు మొత్తం సంపాదించి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్రేపర్ అనే ఊరు. అక్కడ డ్యూక్ పవర్ కంపెనీకి డాన్ రివర్ స్టీమ్ స్టేషన్ అనే బొగ్గు కరెంటు స్టేషను ఉండేది. పనివాళ్ళు 95 మంది. అందులో నల్లవాళ్ళు 14 మంది. కంపెనీలో అయిదు డిపార్టుమెంట్లు. లేబర్, బొగ్గు చేరవేసేది, యంత్రాలు నడిపేది, రిపేర్లది, లేబొరేటరీ. నల్లవాళ్ళంతా లేబర్లోనే. ఊడవడం, తుడవడం, మోయడం. లేబర్లో అందరికంటే ఎక్కువ జీతం వచ్చేవాడికి కూడా మిగతా నాలుగింట్లో అందరికంటే తక్కువ జీతం వచ్చేవాడికన్నా తక్కువే. చూడండి, అక్కడ బొగ్గు పని కూడా నల్లవాళ్ళకి అందని పనే. మా నాయనకి ఆఖరి మెట్టు అయింది వాళ్ళకి ఎక్కాల్సిన మొదటి మెట్టు.

1955లో కంపెనీ ఒక రూలు పెట్టింది. లేబర్ తప్ప ఏ డిపార్టుమెంటులో చేరాలన్నా హైస్కూలు పాసయ్యుండాలి. అంతకుముందే చేరిన తెల్లవాళ్ళలో హైస్కూలు దాటనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు మామూలుగానే పని చేసుకుంటున్నారు, ప్రమోషన్లు కూడా వస్తున్నాయి. అంటే హైస్కూలు లేకపోయినా ఆ పని అవుతుందని కంపెనీకి కళ్ళెదుటే కనపడుతుంది.

తర్వాత 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. అందులో ఏడో భాగం ఉద్యోగాల్లో జాతి వివక్ష చట్టవిరుద్ధమన్నది. అది అమల్లోకి వచ్చిన రోజు 1965 జులై 2. ఆ రోజునుంచి నల్లవాణ్ణి నల్లవాడని చెప్పి లేబర్లో ఉంచడానికి లేదు. సరిగ్గా ఆ రోజునే కంపెనీ కొత్త రూళ్ళు తెచ్చింది. లేబర్ నుంచి పైకి పోవాలంటే హైస్కూలు సర్టిఫికెట్ కావాలి. కొత్తగా చేరేవాళ్ళయితే సర్టిఫికెట్‌తోపాటు రెండు పరీక్షలు కూడా పాసవ్వాలి. ఒకటి తెలివిని కొలుస్తానని చెప్పుకునే వండర్లిక్ పరీక్ష, రెండోది బెన్నెట్ అని యంత్రాల అవగాహన పరీక్ష. కొన్ని నెలలకి, సర్టిఫికెట్ లేని పాతవాళ్ళు కూడా ఈ పరీక్షలు పాసయితే లోపలికి పోవచ్చన్నారు. ఎన్ని మార్కులు రావాలి? దేశంలో హైస్కూలు పాసైనవాళ్ళ సగటుకి దగ్గరగా రావాలి. అంటే హైస్కూలు పాసైనవాళ్ళలోనే సగంమంది తప్పే పరీక్ష! ఊడ్చేవాడు లోపలి పనికి పోవడానికి!

1960 జనాభా లెక్కల ప్రకారం నార్త్ కరోలినాలో హైస్కూలు పూర్తిచేసిన తెల్ల మగవాళ్ళు 34 శాతం, నల్ల మగవాళ్ళు 12 శాతం. ఈ రెండు పరీక్షలూ ఉన్న పరీక్షల వరసని వేరేచోట పెడితే తెల్లవాళ్ళు 58 శాతం పాసయ్యారు, నల్లవాళ్ళు 6 శాతం. ఈ అంకెలు తీర్పులోనే ఉన్నాయి. మా లెక్కల మాస్టారుకి ముందు ఈ అంకెలే చెప్పాలనుకున్నాను.

నల్లవాళ్ళకి చదువెందుకు రాలేదు? ఇదే నార్త్ కరోలినాలో 1830లో ఒక చట్టం చేశారు. బానిసలకి చదవడం, రాయడం నేర్పడం నేరం. తెల్లవాళ్ళు నేర్పితే 100 నుంచి 200 డాలర్ల జరిమానా లేకపోతే జైలు. ఒక బానిస ఇంకో బానిసకి నేర్పితే 39 కొరడా దెబ్బలు. అంకెలు మాత్రం నేర్పొచ్చు. ఎందుకంటే బస్తాలు లెక్కపెట్టాలి కదా. మనకి సీసం కరిగించి చెవుల్లో పొయ్యమన్న ధర్మశాస్త్రం ఉంది, ఏకలవ్యుడి వేలుంది, శంబూకుడి తల ఉంది. వాళ్ళకి 39 దెబ్బలు. బానిసత్వం పోయాక 1900లో అదే రాష్ట్రం ఓటు వెయ్యాలంటే చదవడం రాయడం రావాలన్నది. మరి చదువురాని తెల్లవాళ్ళు? 1867కి ముందు ఓటు హక్కున్న తాతలుంటే వాళ్ళకి పరీక్ష లేదు. నల్లవాడికి ఆ తాత ఎక్కడినుంచి వస్తాడు? పరీక్ష అందరికీ ఒకటే అంటారు. తాతలున్నోడికి ఒకటి, లేనోడికి ఒకటి.

1966లో ఆ 14 మందిలో 13 మంది సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. విల్లీ గ్రిగ్స్ అనే కార్మికుడి పేరు మొదట ఉంది కాబట్టి కేసుకి ఆ పేరు వచ్చింది. ఫిర్యాదు చేసిన అయిదు నెలలకి, ఆగస్టులో, కంపెనీ మొట్టమొదటిసారి ఒక నల్ల కార్మికుణ్ణి లేబర్ నుంచి బొగ్గు డిపార్టుమెంటుకి పంపింది. అతను హైస్కూలు పాసైనవాడు. లేబర్లో చేరింది 1953లో. ఈ సంగతి తీర్పులో అడుగున చిన్నక్షరాల్లో ఉంది. నేను అక్కడ చాలాసేపు ఆగాను. కాయితం ఉన్నవాడు కూడా పదమూడేళ్ళు ఊడిచాడు! మా నాయన కాయితం ఉంటే చాలనుకున్నాడు. నేనూ అట్లాగే అనుకుని పెరిగాను.

కింది కోర్టులో కార్మికులు ఓడిపోయారు. పై కోర్టు కొంతమందికి న్యాయం చేసి ఆపింది, కంపెనీకి చెడ్డ ఉద్దేశం లేదన్నది. ఎన్.ఏ.ఏ.సి.పి. లీగల్ డిఫెన్స్ ఫండ్ లాయర్లు సుప్రీంకోర్టుకి పోయారు. 1971 మార్చి 8న తీర్పు. ఒక జడ్జి కేసులో కూర్చోలేదు. మిగిలిన ఎనిమిదిమందీ ఒకే మాటగా కార్మికుల పక్షం తీసుకున్నారు. రాసింది ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్. నిక్సన్ వేసిన మనిషి, సంప్రదాయవాది. మనవాళ్ళు అనుకున్నట్టు ఎవరో విప్లవకారుడు రాసింది కాదు.

ఆయన చెప్పింది చాలా సూటిగా ఉంది. నీ మనసులో ఏముందో చట్టానికి అక్కరలేదు, నీ రూలు ఏం చేస్తుందో కావాలి. రూలు పైకి అందరికీ సమానంగా కనపడి, ఆచరణలో ఒక జాతిని బయట నిలబెడుతుంటే, ఆ రూలుకీ చెయ్యాల్సిన పనికీ సంబంధముందని కంపెనీయే రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే ఆ రూలు చెల్లదు. డిగ్రీలూ డిప్లమాలూ లేకుండా గొప్పగా పనిచేసినవాళ్ళు చరిత్ర నిండా ఉన్నారని కూడా రాశాడు. పరీక్షలు పెట్టొద్దని ఎక్కడా అనలేదు. మనిషిని గాలిలో కొలవొద్దు, ఆ పనికి కొలవండి అన్నాడు.

ఇంకో సంగతి. ఆ తీర్పులో కొంగా నక్కా కథ ఉంది. మనం చిన్నపిల్లలకి చెప్పే కథే. నక్క పళ్ళెంలో పోస్తే కొంగ తాగలేదు, కొంగ కూజాలో పోస్తే నక్క తాగలేదు. ఇద్దరికీ పాలిచ్చాం కాబట్టి సమానమే అంటే కుదరదు, ఇద్దరూ తాగగలిగే గిన్నెలో ఇవ్వమని చట్టం చెప్తుందని ప్రధాన న్యాయమూర్తి రాశాడు. నేను ఆరో తరగతి పిల్లలకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! 'ఎవరికి చేసింది వాళ్ళకే' అని నీతి రాయించాను. అది కాదు దాని నీతి అని అప్పుడు తెలియలేదు.

అక్కడితో కథ అయిపోలేదు. 1976లో అదే కోర్టు, రాజ్యాంగం కింద కేసు వేస్తే మాత్రం చెడ్డ ఉద్దేశం రుజువు చెయ్యాల్సిందేనని తలుపు సగం మూసింది. 1989లో అలాస్కా చేపల డబ్బాల ఫ్యాక్టరీల కేసు వచ్చింది. చేపలు కోసి డబ్బాల్లో పెట్టే పని ఫిలిప్పీన్స్ వాళ్ళదీ అక్కడి ఆదివాసులదీ, మంచి ఉద్యోగాలు తెల్లవాళ్ళవి. పడుకునే కొట్టాలు వేరు, తినే చోటు వేరు. మనకి కొత్తేమీ కాదు ఆ బొమ్మ. అయిదుగురికి నలుగురుగా చీలి కోర్టు ఆ కార్మికులకి వ్యతిరేకంగా చెప్పి, రుజువు భారమంతా పనివాళ్ళ మీద వేసింది. జనం గొడవ చేస్తే 1991లో పార్లమెంటు కొత్త చట్టం చేసి గ్రిగ్స్ సూత్రాన్ని చట్టంలోనే రాసింది. కానీ ఆ చట్టంలో ఒక మూల, అలాస్కా కేసుకి మాత్రం ఇది వర్తించదని కూడా రాసుకున్నారు. ఎవరి గోడు విని చట్టం చేశారో వాళ్ళకే అది లేదు.

2025 ఏప్రిల్ 23న ట్రంపు సంతకం పెట్టింది దీనిమీదే. ఈ రకం కేసులని ప్రభుత్వ శాఖలు పట్టించుకోవడం తగ్గించాలని ఉత్తర్వు. మా మాస్టారు అనుకున్నట్టు సూత్రం పోలేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని అధ్యక్షుడు ఉత్తర్వుతో కొట్టెయ్యలేడు. కార్మికుడు తన ఖర్చుతో తను కోర్టుకి పోవచ్చు. వెనక సర్కారు నిలబడదు, అంతే. అంతే అంటున్నాను గానీ, కూలి మనిషికి అది ఎంతో మీకు తెలుసు. మన రిజర్వేషన్ల లాంటివి అమెరికాలో ఉన్నట్టు, అవి ఇప్పుడు తీసేసినట్టు చెప్పుకుంటారు. ఉద్యోగాల్లో మనలాగా ఇన్ని సీట్లని అక్కడెప్పుడూ లేదు. కాలేజీ సీట్లలో కోటా కుదరదని 1978లోనే కోర్టు చెప్పింది. జాతిని ఒక అంశంగా చూడటం కూడా 2023లో ఆపేసింది. ఆ కేసుల్లో ఒకటి మళ్ళీ నార్త్ కరోలినా యూనివర్సిటీదే.

ఇక మెరిట్‌తో అమెరికా పోయిన మనవాళ్ళ సంగతి. 1917నుంచి మన దేశపు మనిషికి అక్కడ స్థిరపడటానికి తలుపు మూసే ఉంది. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు, నేను ఆర్యుణ్ణి, పెద్దకులంవాణ్ణి, నన్ను తెల్లవాళ్ళలో కలుపుకోండని పౌరసత్వం కోసం వాదిస్తే సుప్రీంకోర్టు కుదరదంది. 1946లో దయతలిచి భారతదేశం మొత్తానికి ఏడాదికి వందమంది అన్నారు. వందమంది! అప్పుడు మనకి మెరిట్ లేదా? ఆ కోటా పోయింది 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టంతో. పుట్టిన దేశాన్నిబట్టి మనిషిని ఆపకూడదన్న ఆలోచన నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని తెచ్చిన గాలిలోంచి వచ్చింది. చూడండి, జులైలో ఊడ్చేవాళ్ళ చట్టం అమల్లోకొచ్చింది, అక్టోబరులో ఇంజనీర్లకీ డాక్టర్లకీ తలుపు తెరిచారు. మూడు నెలల తేడా. ఆ తలుపులోంచి పోయినవాళ్ళ పిల్లలే ఇప్పుడు నల్లోళ్ళకి మెరిట్ లేదంటారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు, అమెరికాలో కులమెక్కడుందని గట్టిగా అరిచినవాళ్ళలో మనదేశం వాళ్ళే ఉన్నారు. లేకపోతే నిషేధిస్తే ఏం పోయింది?

మనకీ వాళ్ళకీ చుట్టరికం కొత్తది కాదు. ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. బాబాసాహెబ్ 1913నుంచి మూడేళ్ళు న్యూయార్కులో చదువుకున్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. నేను ఇవన్నీ చదివాను. కానీ డ్రేపర్ ఊళ్ళో ఊడ్చే పదముగ్గురు నాకు దగ్గరైనంతగా ఆ పెద్ద పేర్లేవీ కాలేదు.

వేసవిలో ఒకరోజు నాయనకి ఈ కేసు చెప్పాను. ఇప్పుడాయనకి డెబ్భై దగ్గర పడింది. దగ్గు వదలదు. మంచంమీద కూర్చుని అంతా విన్నాడు. ముందు అడిగింది, "వాళ్ళు పర్మినెంటోళ్ళా, కాంట్రాక్టోళ్ళా?" అని. కంపెనీ మనుషులేనన్నాను. "అదీ సంగతి. అందుకే కోర్టుకి పోయారు" అన్నాడు. కాసేపాగి, "మా కంపెనీ ఏదని అడిగితే మాకే తెలిసేది కాదు గదరా. ఎవడిమీద వేస్తాం కేసు?" అన్నాడు. ఎమ్మే చదివిన నాకు ఆ మాట తోచలేదు. గ్రిగ్స్ కేసంతా ఒక కంపెనీ, దాని పనివాడు అనే లెక్కమీద నిలబడి ఉంది. మధ్యలో కాంట్రాక్టరుని పెట్టేస్తే ఆ సూత్రం మా నాయన దాకా వచ్చేదే కాదు.

మాకు బడిలో మరుగుదొడ్లు కడిగే ఆయా ఉంది. మాపల్లె మనిషే, నాకు అత్త వరస. పోయిన ఏడాది వంటమనిషి పని ఖాళీ అయితే ఆ పని తనకిప్పించమని నన్నడిగింది. కమిటీ మీటింగులో ఎవరో "వంటకి వచ్చేవాళ్ళకి కనీసం ఏడో తరగతన్నా ఉండొద్దా, లెక్కలు రాయాలి కదా" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. తీర్పు మొత్తం చదివినవాణ్ణి. బియ్యం లెక్క రాసేది హెడ్మాస్టరూ మేమూ గానీ వంటమనిషి కాదని అందరికీ తెలుసు. నోరు విప్పలేదు. లెక్కల మాస్టారుని అడగడానికి నాకు వచ్చిన ధైర్యం ఆ రోజు రాలేదు. ఆమె ఇప్పటికీ దొడ్లే కడుగుతుంది. నన్ను "బాగున్నావా అల్లుడా" అని పలకరిస్తుంది.

దసరా సెలవులకి ముందు శనివారం, 2025 సెప్టెంబరు 20. హెచ్1బి వీసాకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంపు సంతకం పెట్టాడన్న వార్త పొద్దున్నే వచ్చింది. లెక్కల మాస్టారి అబ్బాయి ఆ వీసామీదే ఉన్నాడు. అప్పుడే పెళ్ళి చూపులకని ఇంటికొచ్చాడు. పాతవాళ్ళు కట్టాలో కొత్తవాళ్ళు కట్టాలో ఆ పొద్దున ఎవరికీ తెలియదు. అది కొత్త దరఖాస్తులకేనని తర్వాత చెప్పారు. మాస్టారు క్యారేజీ విప్పలేదు. ఊరికే కూర్చున్నారు.

"వాడికి మార్కులు తక్కువా అయ్యా? వాడి పనికి పేరుంది అక్కడ. డబ్బు కట్టినోడే పనికొస్తాడంటే ఇదేం రూలు?" అన్నారు.

నేనేం అనలేదు. సంతోషం కూడా కలగలేదు, నిజం చెప్తున్నాను. నా క్యారేజీలో చపాతీలు రెండు తీసి ఆయన మూతలో పెట్టాను. తిన్నారు. మూడేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నాం, నా డబ్బాలోది ఆయన తినడం అదే మొదలు.

చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ రోజు ఏదో బొగ్గు కేసన్నావు, ఏంటది?" అన్నారు.

బెల్లుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. డ్రాయింగు చార్టు వెనక పక్క తిప్పి అయిదు డిపార్టుమెంట్లు గీసి మొదలుపెట్టాను.